కొన్న బొమ్మకు బహుమతా?

మా తగరపువలసలో ఒక బడి ప్రదర్శనలో నా మనుమడు కట్టిన అట్ట జలాంతర్గామిని మూలకు నెట్టి, దుకాణంలో కొన్న బొమ్మకు ప్రథమ బహుమతి ఇచ్చారు. కొని తెచ్చిన పద్యానికి అవధాని బిరుదు ఇస్తామా?

2001లో (నావలెనే) పదవీ విరమణ చేసి, 2002 నుండి విశాఖ రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా నిలిచిన కురుసుర పొడవు 91.3 మీటర్లు. యాభయ్యోవంతుకు కుదిస్తే 182.6 సెంటీమీటర్లు, నాకంటె పొడవు! వాడు ముందు కాగితంపై మచ్చులు గీసి, అట్టపై పరచి, గుండ్రని బిళ్లలు కోసి, వెన్నెముకవంటి పొడవాటి అట్టకు వరుసగా గుచ్చి, పైన పట్టీలు చుట్టాడు. ముక్కు సన్నబడేచోట 7 సెంటీమీటర్ల వ్యాసమున్న బిళ్లకు మూడు రెట్లు చాలుననుకొని 21 సెంటీమీటర్ల పట్టీ కోశాడు. సెంటీమీటరు సందు మిగిలింది. పైగా అతుకుకు అంచు వదలలేదు. ఆ సందు నేర్పిన గణితం ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేసివచ్చిన తండ్రికి ఓపిక ఉండదంటారు. నిజమే. తండ్రిని కట్టమన్నదెవరు? పిల్లవాణ్ణి కట్టనీయండి, వంకరగానైనా సరే. బహుమతులిచ్చిన పంతుళ్లారా, ఆ పట్టీ ఎలా కోశావని వాణ్ణి ఒక్క ప్రశ్న అడిగారా?

ఇంతకీ మూలనున్న కురుసురను ఇంటికి మోసుకొచ్చాం. చుక్కాని విరిగింది. మళ్ళీ మచ్చు గీస్తున్నాడు.