చదువు ఎవరి సొత్తు?

మేధో సంపత్తి చట్టం బోధిస్తానని చెబితే మా బంధువుల్లో చాలామంది అదేదో కంపెనీల వ్యవహారమనుకుంటారు. పేటెంట్లకూ, కంప్యూటర్లకూ, ఆడవాళ్ళ హక్కులకూ సంబంధమేమిటని అడుగుతారు. అది తెలియాలంటే ఒక సాయంత్రం అశోక్‌నగర్ వీధుల్లో నడిస్తే చాలు.

జిల్లాల నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుతున్న అమ్మాయిలు జిరాక్సు షాపుల ముందు నిలబడి ఉంటారు. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకబుచ్చుకున్నవాళ్ళే వీళ్ళు. నలుగురూ కలిసి ఒక పుస్తకం కొని, కావలసిన అధ్యాయాలు జిరాక్సు తీయించుకుంటారు. వాళ్ళలో ఒకమ్మాయి ఒకసారి నన్నడిగింది: "మేడమ్, ఇది దొంగతనమా?"

ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం మీదా, అక్కడి రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసు మీదా దావా వేశాయి. విద్యార్థులు, అధ్యాపకులు కూడా కేసులో చేరి వాదించారు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షను ప్రకారం, బోధనకు అవసరమైనంత మేరకు ప్రతులు తీసుకోవడం ఉల్లంఘన కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2017లో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు.

ఆ తీర్పు బోధనకు సంబంధించింది. సొంతంగా చదువుకునే అమ్మాయికి అదే సెక్షనులోని మరో మినహాయింపు ఆధారం: వ్యక్తిగత ఉపయోగానికీ, పరిశోధనకూ చేసే న్యాయమైన వినియోగం. కొన్ని అధ్యాయాలు తీసుకోవడం వేరు, పుస్తకం మొత్తాన్ని కట్టలు కట్టి అమ్మడం వేరు. రచయిత్రి శ్రమకు ప్రతిఫలం దక్కాలనే నేనూ అంటాను.

అయితే ఆ ప్రతిఫలం ఎవరికి అందుతోంది? పరిశోధనా పత్రికల్లో రాసినందుకు నాకు పైసా రాలేదు. హక్కులన్నీ ప్రచురణకర్తకు రాసిచ్చి సంతకం పెట్టాను. పాప పుట్టాక రెండేళ్ళు ఉద్యోగం మానేశాను. దానితో కాలేజీ లైబ్రరీ కార్డూ పోయింది, పత్రికలు చదివే పాస్‌వర్డూ పోయింది. నా వ్యాసం నేను చదువుకోవాలన్నా డబ్బు కట్టమంది కంప్యూటరు. మళ్ళీ ఉద్యోగానికి వెళితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న: "ఈ రెండేళ్ళలో ఏం ప్రచురించారు?" తలుపు మూసినవాళ్ళే లోపలికెందుకు రాలేదని అడిగినట్టుంది. పిల్లల కోసం, ముసలివాళ్ళ కోసం ఉద్యోగం ఆపుకునేది ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి, ఈ నియమం పైకి అందరికీ ఒకటే అయినా దెబ్బ మాత్రం మనకే తగులుతుంది.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, దాదాపు 13,000 పత్రికలు. మంచి పనే. కానీ దాన్ని ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థల వారి కోసం మొదలుపెట్టారు. ఉద్యోగం మానుకున్న పరిశోధకురాలు, ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠం చెప్పే అధ్యాపకురాలు, లైబ్రరీ బెంచీ మీద చదువుకునే నిరుద్యోగి ఆ లెక్కలోకి రాలేదు. ఖర్చయ్యేది మాత్రం వాళ్ళు కూడా కట్టే పన్నులే.

1928లో మాడపాటి హనుమంతరావు గారు స్థాపించిన తెలుగు బాలికల పాఠశాల ఈ పక్కనే నారాయణగూడలో ఉంది. ఆనాడు ఆడపిల్లకు బడి తలుపు తెరవడమే పెద్ద పోరాటం. ఈనాడు తలుపు పేరు పాస్‌వర్డు.

అందుకే మనం రెండు డిమాండ్లు పెట్టాలి. చిక్కడపల్లి లైబ్రరీ వంటి ప్రతి ప్రజా గ్రంథాలయంలో, ఏ గుర్తింపు కార్డూ అడగకుండా ఈ పత్రికలన్నీ చదువుకునే వీలుండాలి. ప్రసవానికో, ఇంటి బాధ్యతలకో విరామం తీసుకున్న అధ్యాపకురాలికి ఆ కాలమంతా తన సంస్థ లైబ్రరీ సభ్యత్వం కొనసాగాలి. ఇవి చట్టం మార్చకుండానే చేయగలిగినవి. కొత్త భవనాలు అక్కర్లేదు, ఉన్న బల్ల మీద ఒక కంప్యూటరు, ఒక ఉత్తర్వు చాలు.

ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇదే: "దొంగతనం కాదమ్మా. చదువుకోవడం నీ హక్కు. ఆ మాట చట్టంలోనే రాసి ఉంది, వెళ్ళి చదువు."