సిమ్‌సిమియా పక్కన మన కిన్నెర



యాన్బు అంటే మనలో చాలామందికి రిఫైనరీలు, షిఫ్టు డ్యూటీలు, క్యాంపులు. పాత ఊరి రేవు దగ్గర సిమ్‌సిమియా విన్నవాళ్ళకి మాత్రం ఇంకో యాన్బు తెలుసు. ఎర్ర సముద్రపు జాలర్లు, నావికులు తరతరాలుగా మీటుకుంటూ పాడుకున్న తంత్రీవాద్యం అది. ఈజిప్టు, సౌదీ అరేబియా కలిసి అడిగితే 2024లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు ఒడ్డుల వాళ్ళూ మాదంటే మాదని తగువు పడలేదు, మనదన్నారు.

అది విన్నప్పుడల్లా నాకు మన పన్నెండు మెట్ల కిన్నెర గుర్తొస్తుంది. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలతో చేసుకునే వాద్యం. డక్కలి కళాకారులే దాన్ని బతికించారు. వారిలో దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారని పత్రికల్లో చదివాం. బిరుదు ఇచ్చాం, బతుకుతెరువు ఇవ్వలేకపోయాం.

విదేశాల్లో సాంస్కృతిక కార్యక్రమం అంటే మనకి సినిమా తారలు, ఒక రాత్రి, నాలుగు ఫొటోలు. వినోదమే, కాదనను. కానీ అందులో ఇచ్చిపుచ్చుకోవడం ఏదీ?

ఇక్కడ కుదరదనే మాట కూడా ఇప్పుడు చెల్లదు. 2018లో సౌదీలో సినిమా హాళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి. అదే ఏడు జనాద్రియా ఉత్సవానికి భారతదేశం గౌరవ అతిథిగా వచ్చింది. 2020లో సౌదీ సాంస్కృతిక మంత్రిత్వ శాఖ సంగీతానికి ప్రత్యేకంగా ఒక కమిషన్ పెట్టింది.

నా ప్రతిపాదన చిన్నది. ఇద్దరు కిన్నెర కళాకారులు ఒక నెల యాన్బులో ఉండాలి, ఇద్దరు సిమ్‌సిమియా వాద్యకారులు ఒక నెల నాగర్‌కర్నూల్‌లో ఉండాలి. వాద్యం చేయడం, వాయించడం పిల్లలకి నేర్పాలి. అంతా రికార్డు చేయాలి. పారితోషికం ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖకి, ఐసీసీఆర్‌కి, జెడ్డా కాన్సులేట్‌కి మనమే అర్జీ పెడదాం. విమాన టిక్కెట్లు మన సంఘాలు భరించలేనంత ఖర్చేమీ కాదు.

జీతాల బకాయిలు, పాస్‌పోర్టు గొడవలు ఉండగా పాటలేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, ఆ పోరాటం ఆగకూడదు. అయితే ఈ దేశం మనల్ని పనిచేసే చేతులుగానే చూస్తోందని బాధపడే మనం, ఆ చేతులకి ఇంకేం వచ్చో ఎన్నడైనా చూపించామా?

అర్జీ మీద సంతకం పెట్టడానికి ముందుకు రండి. మొదటి సంతకం నాది.