తీగ కొనునపుడు దూరమడుగుడు

వేసవి వచ్చినదనగా మన గ్రామములలో బోరు మోటారు కాలినదను మాట తరచు వినవచ్చును. కాలినపుడెల్ల రైతు మోటారు చేసినవారిని, కరెంటును, తుదకు తన యదృష్టమును నిందించును. స్టార్టరునుండి బోరులోనికి దిగిన తీగను శంకించువారరుదు. పెక్కుచోట్ల దోషమచ్చటనే కలదని మా యభిప్రాయము.

5 హార్సుపవరు మోటారుకు తీగ కావలెనని యడిగినచో అంగడివాడు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ నిచ్చును. ఇందు మోసము లేదు. మూడు ఫేజుల మోటారు పూర్తి పనిలో సుమారు 7.5 ఆంపియర్లే తీసికొనును. ఆ తీగ దానిని సులభముగ మోయగలదు. కాని దూరమెంతయని ఎవ్వరు నడుగలేదు.

సన్నని గొట్టములో నీటి తోపు పోను పోను తగ్గునట్లే, సన్నని తీగలో వోల్టేజియు తగ్గును. పొలముపై 400 అడుగులు, బోరులో 600 అడుగులు, మొత్తము వేయి అడుగులనుకొందము. 415 వోల్టులలో రెండున్నర తీగపై సుమారు 25 వోల్టులు దారిలోనే హరించును. నాలుగు తీగపై 16, ఆరు తీగపై 11. వోల్టేజి తగ్గిన మోటారు అదే నీటిని తోడుటకు ఎక్కువ ఆంపియర్లు లాగును. ఆంపియర్లు పదవవంతు పెరిగినచో చుట్టలోని వేడి ఐదవవంతు పెరుగును. అందరును ఒక్కసారి మోటార్లు వేసినవేళ ట్రాన్స్‌ఫార్మరు వద్దనే 415 ఉండదని సభ్యులెరుగుదురు.

అల్యూమినియము చవుకయే. అయినను అదే లావు రాగికంటె సుమారు 1.6 రెట్లు కరెంటు నడ్డగించును గనుక, రాగి నాలుగుకు మారుగా అల్యూమినియము ఆరైనను కావలెను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో సేద్యమునకు కరెంటు ఉచితమైనది మొదలు దారిలో పోవు కరెంటు రైతు లెక్కకు రాదు. మోటారు బాగుచేయువాని చీటీలో వచ్చును!

మరియొక వింత: ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దానిలో లావు తీగ చుట్టుచున్నారు. తీగ లావుండవలసినచోట సన్నము, సన్నముండవలసినచోట లావు. ఫ్యూజు కాలకున్నచో మోటారు కాలును. తెగిన తీగ తగిలినవాని ప్రాణము పోవును.

లావు తీగకు ఖరీదెక్కువను మాట నిజము. నాలుగు తీగలో రెండున్నర తీగకంటె ఒకటిన్నర రెట్లకు మించిన రాగి యుండును. కావున మోటారు అప్పుల యంచనాలో తీగను ప్రత్యేకముగ చూపవలెననియు, సంఘపు దుకాణమున దూరమడుగక తీగ నమ్మరాదనియు మేము కోరుచున్నాము. రానున్న సర్వసభ్య సమావేశమునకు సభ్యులు తమ స్టార్టరునుండి మోటారువరకు గల దూరమును, బోరు లోతుతో సహా, కొలిచి వ్రాసికొని రావలెను.