నలుగురూ ఏమనుకుంటారో!

సామర్లకోటలో ఒక క్రైస్తవ కుటుంబం ఇంటి వరండాలో పెళ్లి మాటలు జరుగుతున్నాయి. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. కాఫీ గ్లాసులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. మగపెళ్లివారి పెద్దాయన గొంతు తగ్గించి అడిగారు: "ఇంతకీ మనవాళ్లేనా అండీ?" ఆ వెంటనే లాంఛనాల మాట వచ్చింది. "మాకేం ఆశ లేదండీ. నలుగురిలో తలెత్తుకోవాలి కదా!" ఆడపిల్ల తండ్రి బల్ల మీదున్న బైబిలు అట్టను వేలితో సవరిస్తూ తల వంచుకు కూర్చున్నారు. ఆ వరండాలో నేనూ ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు.

ఆ మౌనం నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది. ఈ ప్రాంతంలో విశ్వాసం వేళ్లూనుకున్నది ఇలాంటి మౌనంతో కాదు. పక్కనే ఉన్న కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు టెలిగ్రాఫ్ శాఖలో సర్కారు కొలువు వదులుకుని సువార్త పనికి దిగాడు. నెల జీతం ఇంటికి ఎంత గౌరవమో ఆ కాలపు మనుషులకు తెలుసు. చేతిలో డబ్బు కరిగిపోయినా ఆయన వెనుదిరగలేదు. ఆయన పిలుపు వల్లే 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్లారిన్ కాకినాడ వచ్చారు. ఆ మెక్లారినే 1882లో సామర్లకోటలో బోధకుల కోసం సెమినరీ తెరిచారు. బడి గడప ఎరగని పేటల బిడ్డలు అక్షరం, వాక్యం నేర్చుకుని ఊళ్లకు బయలుదేరారు. ఆదివారం పొలం పని మాని ప్రార్థనకు వెళ్లినా, జాతరలో డప్పు కొట్టనన్నా కూలి పోయే రోజులవి. "నలుగురూ" అంటే వారికి రేపటి గింజలు కొలిచే ఆసామి. అయినా దేవుని మాటే ముందు పెట్టుకున్నారు. మనకు పోయేది మహా అయితే చుట్టాల దగ్గర కాస్త మాట. అదే మనకు అంత బరువైపోయింది.

దేవునికి లోబడడమంటే ఇంటిని, ఊరిని ధిక్కరించడమని మాత్రం పొరబడకూడదు. దేవునికి అర్పించామన్న సాకుతో కన్నవారిని చూడడం మానేసిన వాళ్లను యేసు గట్టిగానే మందలించారు. మహాసభ ముందు నిలబడిన పేతురు, మనుషుల కంటే దేవునికే లోబడాలని చెప్పి ఎవరి మీదా చెయ్యెత్తలేదు. దెబ్బలు తాను తిన్నాడు. నాకు తెలిసిన గీటురాయి అదే. లోబడినందుకు అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారు? నేను భరిస్తే అది విధేయత. నా పట్టుదల ఖర్చు ఇంకొకరి నెత్తిన పడితే దానికి వేరే పేరు వెతుక్కోవాలి. గాబ్రియేల్ తన జీతం వదులుకున్నాడు, పక్కవాడి జీతం కాదు.

ఆ గీటురాయి మీద ఆ వరండాను పెట్టి చూడండి. మగపెళ్లివారు తలెత్తుకోవడానికి ఆడపిల్ల తండ్రి తల వంచుతున్నాడు. వరకట్నం నేరమని 1961 నుంచీ చట్టం చెబుతోంది. చట్టం మాట అటుంచినా, పొరుగువాణ్ని నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ ఆ తండ్రి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగిపోవాలి? "మాకేమీ వద్దండీ" అని మనస్ఫూర్తిగా అనేసే పెద్దమనిషికి బంధువుల్లో నాలుగు రోజులు చిన్నతనమే. ఆ చిన్నతనమే ఆయన చేసే అర్పణ.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె పళ్లెం చేతి నుంచి చేతికి వెళుతుంది. రైసు మిల్లులో బస్తాలు మోసిన చెయ్యి, బ్యాంకులో సంతకాలు పెట్టే చెయ్యి ఒకే రొట్టె తుంచుకుంటాయి. అప్పుడు పక్కవాణ్ని "మనవాళ్లేనా" అని ఎవరూ అడగరు. గుళ్లో అడగని ప్రశ్న వరండాలోకి రాగానే ఎందుకు లేస్తోంది?

ఈసారి అలాంటి వరండాలో కూర్చోవలసి వస్తే, ఆ ప్రశ్న మళ్లీ వినబడితే, జవాబు నేనే చెబుతాను. "మనవాళ్లేనండీ. పోయిన బల్లనాడు రొట్టె పళ్లెం నా చేతికి అందించింది ఆయనే."