ఆరో మనిషి ఎక్కడ కూర్చోవాలి?

ఆరు నెలలుగా మా ఇంట్లో ఒకటే బహస్. ఏ బండి కొనాలి? పదేళ్లు నడిపిన చిన్న కారు ఇక నావల్ల కాదంటోంది. చిట్టీ ఎత్తగా వచ్చినవి కొన్ని, బేగం దాచినవి కొన్ని, పాత బండి అమ్మితే వచ్చేవి ఇంకొన్ని. ఈ మూడూ కలిపితే ఒక మోస్తరు ఎస్‌యూవీ వస్తుందని హిసాబ్ తేలింది. అప్పట్నుంచి ఖాందాన్ మొత్తం నాకు మషూరా ఇస్తూనే ఉంది.

రియాద్‌లో ఉన్న భాయిజాన్ వీడియో కాల్‌లో తేల్చేశాడు. "క్రెటానో సెల్టోస్‌నో తీస్కో. ఇజ్జత్‌గా ఉంటది, మళ్లీ అమ్మినా రేటు పోదు." దోస్తులదీ అదే మాట. షోరూమ్ అబ్బాయిది కూడా. నాకూ ఆ బండ్లంటే షౌక్ లేదని అబద్ధం చెప్పను. గల్లీలో ఎవరిదైనా కొత్తది కనిపిస్తే ఆగి చూస్తాను.

కానీ మేం ఆరుగురం. నేను, బేగం, తొమ్మిదో తరగతి చదివే పెద్దమ్మాయి, ఆరో తరగతి అబ్బాయి, రెండున్నరేళ్ల చిన్నది, అమ్మీ. భాయిజాన్ చెప్పిన బండ్లకు సీట్లు ఐదు.

ఆ మాటే అన్నాను. "చిన్నది ఒళ్లో కూర్చుంటది కదరా. అమ్మీ అయినా ఏడాదికి ఎన్నిసార్లు బయటికొస్తది?" అన్నాడు. వంటింట్లోంచి అమ్మీ కూడా విన్నది. వెంటనే అందుకుంది. "మై నై ఆతీ బేటా, తుమ్ లోగాఁ జావ్." నేను రాను, మీరు పొండి. మోకాళ్ల నొప్పి, అంత దూరం కూర్చోలేను, ఇల్లు చూసుకోవడానికి ఒకరు ఉండొద్దా అని తనే కారణాలు వెతికిచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఐదు సీట్ల బండి కొనడమంటే అమ్మీని ఇంట్లో వదిలేద్దామని ఫైస్లా చేయడమే. కాకపోతే ఆ మాట మేం అనక్కర్లేకుండా అమ్మీతోనే అనిపిస్తున్నాం.

అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నా. ఫ్యామిలీ బండి కొనేటప్పుడు మనం స్టీరింగ్ వెనక కూర్చుని చూస్తాం. ఇంజిన్, పికప్, స్క్రీన్ సైజు అడుగుతాం. నా మాట వింటే, ముందు ఇంట్లో అందరికంటే కమ్‌జోర్ ఎవరో, వాళ్లు కూర్చునే సీటు నుంచి చూడండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

"ఒళ్లో కూర్చుంటది" అనే మాట సంగతి మొదట చూద్దాం. మనందరం అలాగే పెరిగాం కాబట్టి అందులో గల్తీ కనపడదు. కానీ గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి దేన్నైనా గుద్ది ఒక్కసారి ఆగిపోతే, పది కిలోల బిడ్డ ఆ క్షణంలో రెండు మూడు వందల కిలోల బరువై ముందుకు దూసుకుపోతుంది. ఆ బరువును ఏ తల్లి చేతులూ ఆపలేవు. అందులో ముహబ్బత్ తక్కువై కాదు, లెక్క అలా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జుర్మానా. ఇక వెనక సీట్లో బెల్టెందుకు అనేవాళ్లకు ఒక పేరు గుర్తుచేస్తాను. 2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయిన సైరస్ మిస్త్రీ కూర్చున్నది ఖరీదైన కారు వెనక సీట్లోనే, బెల్టు లేకుండా.

షోరూమ్‌లో "ఫైవ్ స్టార్ సార్" అంటారు. అడగాల్సిన సవాల్ ఒకటుంది: స్టార్లు పెద్దలకా, పిల్లలకా? క్రాష్ టెస్టులో రెండు లెక్కలు వేరువేరుగా ఇస్తారు. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో స్కార్పియో-ఎన్‌కు పెద్దలకు ఐదు స్టార్లు వచ్చాయి, పిల్లలకు మూడు. అంతకు ముందు ఏడాది ఎక్స్‌యూవీ 700కు పెద్దలకు ఐదు, పిల్లలకు నాలుగు. మన దేశపు భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. అందులో తొలి ఫలితాలు హారియర్, సఫారీలవి. రెండింటికీ పెద్దలకు ఐదు, పిల్లలకు ఐదు. ఇంకో విషయం. ఆ పరీక్షల్లో బొమ్మలకు బెల్టు పెడతారు, పిల్లల బొమ్మను చైల్డ్ సీట్లో కూర్చోబెడతారు. అంటే ఒళ్లో బిడ్డను పెట్టుకున్న ఇంటికి ఆ స్టార్లు వర్తించవు. ఐదు సీట్ల ఫైవ్ స్టార్ బండిలో ఆరుగురు ఎక్కితే ఆరో మనిషికి సున్నా స్టార్లే.

సరే, మూడు వరసల బండి అనుకున్నాం. అస్లీ పరీక్ష అక్కడే మొదలైంది. సీట్లు ఏడు అని రాసి ఉన్నంత మాత్రాన ఏడుగురు కూర్చోగలరని కాదు.

మొదట అమ్మీ సంగతి. ఇంట్లో ఎవరి సాయం లేకుండా ఆమె లేచి కూర్చునే కుర్చీ ఒకటుంది. టేపు తీసి నేల నుంచి దాని ఎత్తు కొలిచాను, పద్దెనిమిది అంగుళాలు. షోరూమ్‌కి అదే టేపు పట్టుకెళ్లాను. సీటు ఎత్తు దానికి ఎంత దగ్గరగా ఉంటే ఆమెకు అంత ఆసాన్. మరీ కిందికుంటే లేవలేదు, మరీ పైకుంటే ఎక్కలేదు. ఒక పెద్ద బండికి గ్రౌండ్ క్లియరెన్స్ బాగా ఉందని నేను మురిసిపోతుంటే, అమ్మీ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి రెండో కాలు లేపలేక ఆగిపోయింది. బుర్ఖా అంచు ఫుట్‌బోర్డుకి చిక్కుకుంది. పడబోతే పెద్దమ్మాయి పట్టుకుంది. సేల్స్ అబ్బాయి "అలవాటైపోతుంది ఆంటీ" అన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లు కొత్త అలవాట్లు నేర్చుకోవు బాబూ అనుకున్నాను.

రెండోది చైల్డ్ సీటు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, తజుర్బాతోనే తెలిసింది. చాలా బండ్లలో మూడో వరసకి వెళ్లాలంటే రెండో వరస సీటును మడిచి ముందుకు తోయాలి. ఆ సీటుకు చైల్డ్ సీటు బిగించి ఉంటే మడవడం కుదరదు. రెండో పక్క అమ్మీ కూర్చుని ఉంటుంది. పెద్ద పిల్లలు వెనక్కి పోవాలంటే ప్రతిసారీ అమ్మీని దింపాలి. మా లాంటి ఇంటికి ఆరు సీట్ల రకమే నయం. రెండో వరసలో రెండు విడి సీట్లు, మధ్యలో దారి. ఒకదాంట్లో అమ్మీ, ఇంకోదాంట్లో చిన్నది. పెద్దవాళ్లిద్దరూ మధ్యలోంచి వెనక్కి జారుకుంటారు. ఏడు కంటే ఆరే ఎక్కువ పనికొచ్చింది.

మూడోది టెస్ట్ డ్రైవ్. పది నిమిషాలు, నున్నటి రోడ్డు, ముందు సీట్లో మీరొక్కరే. ఆ లెక్కన అన్ని బండ్లూ బాగుంటాయి. నేను ఆరుగురితో పోయాను, ఒక బియ్యం బస్తా కూడా డిక్కీలో వేయించాను. అబ్బాయి మొహం మాడింది, అయినా లిహాజ్ కోసం ఒప్పుకున్నాడు. ఒక బండిలో రెండో స్పీడ్‌బ్రేకర్‌కే మా వాడి తల పైకప్పుకి కొట్టుకుంది. మూడో వరస వెనక చక్రాల మీదే ఉంటుంది కాబట్టి కుదుపు అక్కడే ఎక్కువ. ఇంకో బండిలో వెనక ఏసీ గాలి అందక పెద్దమ్మాయి దుపట్టాతో విసురుకుంది. మే నెలలో మిర్యాలగూడ దాకా అలా పోవాలంటే పిల్లలు బండి పేరెత్తితేనే పారిపోతారు. మీరు కూడా ఆ మూడో వరసలో ఒకసారి కూర్చోండి. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయా, తల వెనక హెడ్‌రెస్ట్ వస్తుందా, బెల్టు ప్రతి సీటుకీ ఉందా చూడండి.

నాలుగోది డిక్కీ. క్రెటాకు డిక్కీ 433 లీటర్లు, కానీ సీట్లు ఐదు. ఎర్టిగాలో మూడు వరసలూ నిలబెడితే మిగిలేది 209 లీటర్లే. అంటే మనుషులో సామానో ముందే తేల్చుకోవాలి. షాదీకి పోయేటప్పుడు రెండూ ఉంటాయి కాబట్టి మీ ఇంట్లో ఉన్న అతి పెద్ద సూట్‌కేసు పట్టుకెళ్లి పెట్టి చూడండి. బయటి ఆకారం చూసి లోపలి జాగా అంచనా వేయొద్దు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం క్రెటాలో 2610 మిల్లీమీటర్లు. అంత దర్జా లేని ఎర్టిగాలో 2740. క్రెటానే సాగదీసి మూడు వరసలు చేసిన అల్కజార్‌లో 2760. మనుషులు కూర్చునేది ఎక్కువగా ఆ దూరంలోనే, బానెట్ మీద కాదు.

ఐదోది మీ గల్లీ. సఫారీ వెడల్పు 1922 మిల్లీమీటర్లు, అద్దాలు కాక. ఎర్టిగా 1735. మా గేటు కొలిచాను, గల్లీ మలుపు దగ్గర కరెంటు స్తంభానికీ గోడకీ మధ్య కూడా కొలిచాను. అక్కడే రెండు బండ్ల పేర్లు నా లిస్టులోంచి పోయాయి. బండి గేటు లోపలికి పోయాక తలుపు పూర్తిగా తెరుచుకోవాలి కూడా. సగమే తెరుచుకుంటే అమ్మీ రోజూ రోడ్డు మీదే దిగాలి.

ఇక పైసల సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్లు మించని పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించని బండ్లకు 18 శాతం. అవి దాటిన పెట్రోల్, డీజిల్ బండ్లకు 40 శాతం. ఎక్స్‌షోరూమ్ ధరలో అది కలిసే ఉంటుంది, దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేరు. ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ పట్టుకుంటారు. అది మీ పైసలే, రిటర్న్ వేసేటప్పుడు మీ పన్నులో జమ అవుతుంది, మర్చిపోవద్దు. ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న కాయిదా ఏమీ లేదు, బయట కూడా రేటు అడగండి. నేను సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ వదిలేశాను. ఆ తేడా డబ్బుతో మంచి చైల్డ్ సీటు వచ్చింది, ఇంకా మిగిలాయి.

ఇప్పుడు భాయిజాన్ సవాల్‌కి జవాబు చెప్పాలి, ఎందుకంటే అందులో దమ్ముంది. "నెలలో ఇరవై ఐదు రోజులు నువ్వొక్కడివే ఆఫీసుకి పోతావ్. ఆ ఒక్క మనిషికి ఇంత పెద్ద బండా? అందరూ పోయే రోజు ఇన్నోవా కిరాయికి తీస్కో." కొన్ని ఇళ్లకు ఇదే సరైన సలాహ్. పెద్దవాళ్లు వేరే ఊళ్లో ఉంటే, అందరూ కలిసి పోయేది రంజాన్ పండక్కీ ఒక షాదీకీ మాత్రమే అయితే, చిన్న బండి కొనుక్కుని ఆ రోజులకు కిరాయి కట్టడమే తెలివి. డీజిల్, టైర్లు, పార్కింగ్ తక్లీఫ్ అన్నీ మిగులుతాయి. మా ఇంట్లో అలా లేదు. వారానికి రెండుసార్లు అమ్మీకి ఫిజియోథెరపీ. పిల్లలకు స్కూల్ లేని రోజు ఆమెను వదిలి మేం ఎటూ పోలేం, తీసుకెళ్తే ఒకరు ఒళ్లో కూర్చోవాలి. అయినా కిరాయి బండి పిలిచే రోజున అమ్మీ "అంత ఖర్చెందుకు బేటా" అని మళ్లీ ఇంట్లోనే ఉండిపోతుందని నాకు తెలుసు. గుమ్మం ముందు తన సీటు ఖాళీగా ఉంటే ఆ మాట అనలేదు.

పోయిన జుమ్మా రోజు బుక్ చేశాం. బండి పేరు చెప్పను. నా ఇంటి కొలతలకు సరిపోయింది మీ ఇంటికి సరిపోవాలని లేదు. అది భాయిజాన్ లెక్కలో పక్కా ఎస్‌యూవీ కూడా కాదు. ఫొటో పంపితే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "వ్యాన్ లాగుంది" అన్నాడు. నిజమే, కొంచెం వ్యాన్ లాగే ఉంది.

కానీ ఆఖరి టెస్ట్ డ్రైవ్ రోజు అమ్మీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. ముందు కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తీసుకుంది, ఇంట్లో కుర్చీ మీద కూర్చున్నట్టే. బెల్టు పెట్టించుకుంది. పక్క సీట్లో చిన్నది తన సీటు బెల్టు లాగుతూ అల్లరి చేస్తోంది. బండి కదిలాక అమ్మీ కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"మిర్యాలగూడ ఎప్పుడు పోదాం బేటా?"