అప్పు తెచ్చి కృతజ్ఞత కూడికలా?

కోతలు ముగిసి ధాన్యం ఇళ్లకు చేరే రోజులివి. చర్చీలలో కోతపండుగలు, ఇళ్లలో కృతజ్ఞత కూడికలు జరుగుతున్నవి. జబ్బు నయమైనా, కాన్పు సుఖంగా జరిగినా, కుర్రవాడికి ఉద్యోగం వచ్చినా నలుగురిని పిలిచి దేవునికి వందనాలు చెప్పుకోవడం మన పల్లెల్లో క్రైస్తవ కుటుంబాలకు తరాలుగా ఉన్న అలవాటు. మంచి అలవాటే. అయినా దాని గురించి ఒక మాట రాయక తప్పడం లేదు.

ఒకప్పుడు కూడిక అంటే చాప, లాంతరు, రెండు పాటలు, ప్రార్థన, ఆఖరున టీ. ఇప్పుడు షామియానా, మైకు, ఫ్లెక్సీ, బోధకునికి శాలువా, ఊరందరికీ మాంసంతో భోజనం. కలిగినవారు పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. లేనివారు కూడా పెట్టి తీరవలసి రావడమే చిక్కు.

మా పక్క పల్లెలో ఒక కూలీ భార్య ఆపరేషన్ అయి క్షేమంగా ఇంటికి వచ్చింది. ఆసుపత్రి అప్పు తీరకముందే అతను కూడిక కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇంకో ఇరవై వేలు తెచ్చాడు. భోజనాలు బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు. నేనూ తిన్నాను, అప్పు సంగతి అప్పటికి తెలియదు. నెల తిరగకుండా ఆమె చెవికమ్మలు కుదువకు వెళ్లినవి. అదే వీధిలో మరొక తల్లి కొడుకు జబ్బు తగ్గి రెండేళ్లయినా కూడిక పెట్టలేకపోయింది. ఎవరైనా అడుగుతారేమోనని ఆదివారం వెనుక వరుసలో కూర్చొని, ఆఖరి ప్రార్థన కాకముందే లేచిపోతున్నది. సంతోషంగా సాక్ష్యం చెప్పవలసిన మనిషి ముఖం చాటేయవలసి వచ్చింది.

యేసుప్రభువు బాగుచేసిన పదిమంది కుష్ఠురోగులలో తిరిగి వచ్చినవాడు ఒక్కడే. వాడు ఏదో తెచ్చినట్టు లూకా రాయలేదు. పాదాల మీద పడ్డాడు, అంతే. ఇక పౌలు సంతోషించమని ఫిలిప్పీయులకు రాసింది సంకెళ్లలో ఉండి. అక్కడ ఆయన ఎవరికి విందు పెట్టాడు?

మన ప్రాంతపు సంగతే చూద్దాం. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.యస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన తొలి భారతీయుడు. ఆయన సంఘస్థులలో ఎక్కువమంది భూమిలేని కూలీలే. అలాంటివారు కూడా ఇవ్వగలరని ఆయన నేర్పారు. ఎసట్లో పోసే బియ్యంలో నుంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసి, చర్చికి తీసుకెళ్లే వాడుక స్త్రీలలో ఉండేది. పిడికెడు బియ్యానికి ఎవరూ వడ్డీ కట్టనక్కరలేదు. ఇప్పుడు కోతపండుగ వేలంలో సొరకాయ ధర కూడా పాడేవాని పరపతిని బట్టి పలుకుతున్నది.

కూడికకు టీ చాలునని పాస్టర్లు చర్చిలో చెప్పాలి. అయితే ఆ పని మొదట కలిగిన ఇంట్లో జరగాలి. లేనివాడు మొదలుపెడితే పిసినారి అంటారు, ఇంకా నోరున్నవారైతే విశ్వాసం చల్లారిందంటారు. సంఘపెద్దలు కూర్చొని ఇది తేల్చుకోవడానికి ఏ కమిటీ తీర్మానం అవసరం లేదు.

ఈలోగా ఆ తల్లి ఇంటికి ఒక సాయంత్రం పాస్టరుగారు నలుగురు స్త్రీలను వెంటబెట్టుకొని వెళితే చాలు. చాప ఆమె వేస్తుంది.