తొమ్మిదిమంది... ఒక్క పడవ!

మహబూబాబాద్‌ జిల్లా నెల్లికుదురు వైపు చెరువు నిండిందంటే చేపలు పట్టేవాళ్ల తెప్పలు బయటికొస్తాయి. థర్మోకోల్‌ ముక్కలు కట్టిన తెప్పో, గాలి కొట్టిన లారీ ట్యూబో... దాని మీద కూర్చున్న మనిషి తాను వెళ్లాల్సిన వైపే చూస్తాడు. రోయింగ్‌ పోటీల్లో అలా కాదు. పడవ ముందుకి, తెడ్డు వేసేవాళ్ల ముఖాలు వెనక్కి! ఎనిమిదిమంది లాగే పెద్ద పడవలో దారి చూసేది ఒక్కరే. చివర్లో వాళ్లకు ఎదురుగా కూర్చుని కేకలు పెట్టే ‘కాక్స్‌’. ఆ ఒక్కరిని నమ్ముకుని మిగతా అందరూ ఊపిరి బిగబట్టి లాగాలి.

ఇది మనకు బొత్తిగా పరిచయంలేని ఆటేమీ కాదు. కలకత్తాలో 1858లోనూ మద్రాసులో 1867లోనూ తెల్లదొరలు రోయింగ్‌ క్లబ్బులు పెట్టుకున్నారు. మద్రాసు బోట్‌ క్లబ్‌వాళ్లు 1898 నుంచీ కొలంబో జట్టుతో పోటీపడుతున్నారు. హైదరాబాద్‌ హుస్సేన్‌సాగర్‌లో 2005లో ఆసియా రోయింగ్‌ పోటీలు జరిగాయి. మహారాష్ట్రలో కరవు ప్రాంతంలో పుట్టి, బావులు తవ్విన దత్తూ భోకనల్‌ సైన్యంలో చేరాకే తెడ్డు పట్టాడు. 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్లాడు! అలాంటివాడు నీళ్ల ఆటలో అంతదూరం వెళ్లడం మాటలా.

అయితే, రోయింగ్‌ క్లబ్బుల చరిత్రలో కలయికల మాటొస్తే ముందుగా చెప్పుకోవాల్సింది అమెరికాలోని సియాటిల్‌ కుర్రాళ్ల గురించే. వాషింగ్టన్‌ విశ్వవిద్యాలయంలో రోయింగ్‌ 1903లో మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధంలో నౌకాదళం సముద్ర విమానాల కోసం కట్టిన షెడ్డే తర్వాత వాళ్ల పడవల ఇల్లయింది. అక్కడ జార్జ్‌ పోకాక్‌ అనే నిపుణుడు దేవదారు చెక్కతో పడవలు చేసేవాడు. అలా తయారైందే ‘హస్కీ క్లిప్పర్‌’.

దాన్ని నడిపినవాళ్లెవరూ జమీందార్ల బిడ్డలు కారు. జో రాంట్జ్‌నే తీసుకోండి. చిన్నప్పుడే తల్లి పోయింది. పదిహేనేళ్లవాడు, వాడి బతుకు వాడు బతుకుతాడులే అని తండ్రీ సవతి తల్లీ 1929లో అతణ్ని వదిలేసి వెళ్లిపోయారు. అడవిలో మానులు కొట్టీ దొరికిన పనల్లా చేసీ చదువుకున్నాడు. తనవాళ్లే వదిలేసిన కుర్రాడికి పక్కవాణ్ని నమ్మడం ఎంత కష్టమో! రోయింగ్‌లో మాత్రం నమ్మక తప్పదు.

1936 బెర్లిన్‌ ఒలింపిక్స్‌కి వీళ్లే ఎంపికయ్యారు. తీరా చూస్తే ప్రయాణ ఖర్చులు మీరే పెట్టుకోవాలన్నారు. సియాటిల్‌ జనం రెండు మూడు రోజుల్లోనే 5,000 డాలర్లు పోగుచేసి ఇచ్చారు. కాక్స్‌ బాబ్‌ మాక్‌కి ప్రయాణానికి ముందు తండ్రి దగ్గర్నుంచి ఓ ఉత్తరం వచ్చింది... తమది యూదుల కుటుంబమని అందులో ఉంది. అప్పటిదాకా ఆ సంగతే అతనికి తెలియదు. తెలిశాక వెళ్లింది ఎక్కడికి? హిట్లర్‌ కళ్లెదుట పోటీ పడటానికి!

ఫైనల్‌ రోజున కాక్స్‌కి ఎదురుగా కూర్చుని తెడ్డు వేసే డాన్‌ హ్యూమ్‌కి ఒంట్లో బాగోలేదు. పైగా ఎదురుగాలి బాగా తగిలే వరస వాళ్లకొచ్చింది. మొదట్లో అందరికంటే వెనకబడ్డారు. చివర్లో మాత్రం ఒక్క ఊపున లాగి 6 నిమిషాల 25.4 సెకన్లలో గీత దాటారు. ఇటలీ 0.6 సెకన్లు వెనక, జర్మనీ మరో 0.4 సెకన్లు వెనక. అంటే మనం కనురెప్ప రెండు మూడుసార్లు వేసేలోపు మూడు పడవలూ వచ్చేశాయన్నమాట.

పతకాలు తెచ్చుకున్నారు, చదువులు పూర్తిచేశారు, ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. మాక్‌ లాయరయ్యాడు. రాంట్జ్‌ బోయింగ్‌ కంపెనీలో ఇంజినీరయ్యాడు. పెళ్లిళ్లు, పిల్లలు, ఉద్యోగాలు... మామూలుగా అక్కడితో స్నేహాలు పలచబడతాయి. వీళ్లు అలా పడనివ్వలేదు. వీలైనప్పుడల్లా కుటుంబాలతో కలిసేవారు. పదేళ్లకోసారి మాత్రం తెల్ల నిక్కర్లు తొడుక్కుని నీళ్లలోకి దిగి మళ్లీ తెడ్డు వేసేవారు. 1962లో చక్‌ డే చనిపోయాడు. తొమ్మిదిమందిలో మొదట వెళ్లిపోయింది అతనే. అయినా కలవడం ఆపలేదు. 1986లో, బెర్లిన్‌ గెలుపునకు యాభై ఏళ్లు నిండినప్పుడు, డెబ్భై దాటిన ముసలాళ్లు చివరిసారి తెడ్లు పట్టారు.

రాంట్జ్‌ చివరి రోజుల్లో డేనియల్‌ జేమ్స్‌ బ్రౌన్‌ అనే రచయిత అతణ్ని కలిసి పుస్తకం రాస్తానన్నాడు. రాయండిగానీ నా ఒక్కడి గురించి కాదు, పడవ గురించి రాయండి అన్నాడట పెద్దాయన. పడవంటే చెక్క కాదని వేరే చెప్పాలా! 2013లో ఆ పుస్తకం వచ్చింది, 2023లో సినిమా కూడా అయింది. రెంటినీ చూడటానికి రాంట్జ్‌ లేడు, 2007లోనే పోయాడు. తొమ్మిదిమందిలో ఆఖరివాడు రోజర్‌ మోరిస్‌ 2009లో కన్నుమూశాడు. హస్కీ క్లిప్పర్‌ని మాత్రం ఆ విశ్వవిద్యాలయం పడవల ఇంట్లో పైకప్పుకి వేలాడదీశారు. కొత్తగా చేరిన పిల్లలు దాని కిందే కూర్చుని భోంచేస్తారు.